పరదా మాస్టారి గోడ

పాత మిల్లు షెడ్ల మధ్య బొమ్మల వాడ. వచ్చినవాళ్ళని తిప్పి చూపించే అమ్మాయి ముందు నడుస్తోంది. ఆమె భుజం మీద చెయ్యి వేసి, కళ్ళు కనపడని పెద్దాయన నల్లద్దాలు పెట్టుకుని వెనక నడుస్తున్నాడు. ఒక్క గోడ తప్ప అన్నీ చూపించాలని ఆమెకి ఉంది. ఆయనకేమో ఆ ఒక్క గోడే కావాలి.

“చెయ్యి భుజం మీద వేశారుగా, ఇక మీకు దిగులక్కర్లేదు. మెట్టొస్తే మెట్టంటాను, గుంటొస్తే గుంటంటాను. ముందు అచ్చాఫీసు చూద్దాం.”

“నేను ముందే చెప్పానమ్మా. కుట్టుమిషను గోడ ఒక్కటి చూపిస్తే చాలు.”

“చెప్పారు, చెప్పారు. అదెక్కడికి పోతుందండీ, గోడకి కాళ్ళున్నాయా ఏంటి. దారిలో ఉన్నవి చూసుకుంటూ పోదాం.”

“దారిలో ఏమున్నాయి?”

“ఏమున్నాయంటారేంటి. మిల్లు మూతపడ్డాక ఈ షెడ్లలో పావురాలు తప్ప ఎవరూ ఉండేవాళ్ళు కాదట. ముందు గోడల మీద బొమ్మలు గీసే ఆయన ఒకడు వచ్చాడు. ఆయన్ని చూసి కుండలాయన, ఆయన్ని చూసి అద్దాలు ఊదే ఆయన. ఇప్పుడు ఒక షెడ్డు ఖాళీ అయిందంటే పదిమంది కొట్టుకుంటారు. ఇక బయటనుంచి వచ్చే జనమా, చెప్పక్కర్లేదు. గోడ కనిపిస్తే చాలు, దాని ముందు నిలబడి ఫోటో.”

“నాకు ఫోటోలతో పనిలేదు.”

“అయ్యో, నేను ఆ ఉద్దేశంతో అనలేదండీ.”

“తెలుసులే. నడు.”

“ఇదిగో, అచ్చాఫీసు. గడప ఉంది, కాలెత్తండి. ఆ టకటక చప్పుడు మిషనుది. ఇక్కడ ఇప్పటికీ అక్షరాలు చేత్తోనే పేరుస్తారు. వేలు ఇలా ఇవ్వండి. సీసపు అచ్చు. ఇది ఏ అక్షరమో చెప్పండి చూద్దాం.”

“నాకు తెలీదు.”

“తిరగేసి ఉంటుంది లెండి. కళ్ళున్నవాళ్ళే తికమకపడతారు.”

“గీత బాగా లేచి ఉంది. ఆ మాత్రం తెలుస్తోంది.”

“ఒక్క నిమిషం, ఫోను. ఆఁ, బాబాయ్. మొదలుపెట్టావా? పైనుంచా? సరే. పరంజా గట్టిగా ఉందిగా? సంఘం వాళ్ళెవరూ అటు రాలేదుగా? రాకముందే కానిచ్చెయ్. ఉంటాను.”

“మీ బాబాయి ఏం చేస్తాడు?”

“తాపీ మేస్త్రీ.”

“ఏం మొదలుపెట్టాడు?”

“మా ఇంటి గోడండీ. పెచ్చులూడిపోతోంది. పాతది గీకేసి కొత్త గచ్చు వెయ్యాలి.”

“ఇంటి గోడకి సంఘం వాళ్ళతో ఏం పని?”

“ఇక్కడ తుమ్మాలన్నా వాడ సంఘం ఒప్పుకోవాలండీ. పదండి, అద్దకం షెడ్డుకి పోదాం.”

“అది కుట్టుమిషను గోడ వైపేనా?”

“ఆ వైపే. ఆ వైపే అనుకోండి.”

“అనుకోవడమెందుకు, అవునో కాదో చెప్పొచ్చుగా.”

“మీరు మా అమ్మమ్మలా ఉన్నారండీ, మాట జారితే పట్టుకుని వదలరు. ఇటు, ఎడమకి. ముక్కు మూసుకోండి, నీలిమందు తొట్లు.”

“పులిసిన వాసన.”

“దానికి అలవాటుపడితే అన్నంలోకి కూడా అదే కావాలనిపిస్తుందని మా రంగులక్క అంటుంది. అదిగో, మాటల్లోనే వచ్చింది. అక్కా, ఈయన వాడ చూడ్డానికి వచ్చారు.”

“రండి బాబుగారూ. ఈ పిల్ల తిప్పుతోందా మిమ్మల్ని? ఇవ్వాళ దీని కాళ్ళు నేలమీద ఉండవు, జాగ్రత్త. గోడ దక్కింది దీనికి.”

“అక్కా, ఇప్పుడెందుకవన్నీ.”

“ఎందుకేమిటే? బొమ్మల వాడలో గోడ దక్కిన మొదటి ఆడపిల్ల. నేను పండగ చేసుకోవాలి. అదీ మామూలు గోడా, సాక్షాత్తూ—”

“అక్కా, తొట్టి పొంగుతోంది చూడు.”

“పొంగనీవే.”

“మేం వస్తామక్కా, ఆయనకి ఆలస్యమవుతోంది. నడవండి, నడవండి. కుడికి.”

“నీకు గోడ దక్కిందా?”

“చిన్నది లెండి. వెనక వీధిలో.”

“సాక్షాత్తూ అంది ఆవిడ.”

“ఆవిడకి చీమ కూడా సాక్షాత్తూ ఏనుగే.”

“ఇక్కడ గోడ దక్కాలంటే ఏం చెయ్యాలి?”

“సంఘం ఇవ్వాలి. ఇచ్చినా సరిపోదు. ఆ గోడ మీద పాత బొమ్మ గీసినవాళ్ళు ఉంటే, వాళ్ళకి ఎదురుగా నిలబడి, పక్కన ఒక సాక్షిని పెట్టుకుని, నోరు తెరిచి అడగాలి. వాళ్ళు ఊఁ అంటే కుంచె ముట్టుకోవాలి. కాదంటే ఇక ఆ గోడ జోలికి ఎవరూ పోరు. అది ఇక్కడి ఆనవాయితీ.”

“గీసినవాళ్ళు పోతే?”

“పోతే ఇక అడిగేదేముంది.”

“నువ్వు అడిగావా?”

“ఇక్కడ రాళ్ళున్నాయి, చూసి... నెమ్మదిగా వెయ్యండి అడుగు.”

“సరేలే. కుట్టుమిషను గోడ ఎవరు గీశారంటారు?”

“అది తెలీకుండానే వచ్చారా చూడ్డానికి? పరదా మాస్టారు. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. గోడ మొత్తానికీ టార్పాలిను పరదా కట్టి దాని వెనకే పని. లోపలికి పెళ్ళాన్ని తప్ప ఈగని కూడా రానిచ్చేవాడు కాదట. ఆవిడ రంగులు కలిపేది, నిచ్చెన పట్టుకునేది. పని అయిన రోజు పరదా లాగితే, చూసినవాళ్ళకి నోట మాట రాలేదట.”

“అంత గొప్పగా ఉందా?”

“ఉంది. గచ్చు తడిగా ఉండగానే మేకుతో లోతుగా గీతలు గీరి, ఆ తర్వాత రంగు పూశాడు. అంతకుముందు ఎవరూ అలా చెయ్యలేదు. ఇప్పుడు వాడలో అందరూ అలాగే గీరుతారు. పరదా మాస్టారి గీత అని దానికి పేరు కూడా పెట్టుకున్నారు.”

“అందరూనా? ఎందుకు గీరుతారు వాళ్ళు?”

“ఎందుకేంటండీ, ఆయన గీరాడు కాబట్టి. కానీ మనిషికి మహా పొగరట. ఎదురొచ్చినా పలకరించడు, తలెత్తుకుని పోతాడు. ఎవరినీ కన్నెత్తి చూసేవాడు కాదట. పెళ్ళాం చెయ్యి మాత్రం వదిలేవాడు కాదు, కొత్త పెళ్ళికొడుకులాగా. ఎండైనా వానైనా ఆ నల్లద్దాలు...”

“ఆగావేం?”

“ఏం లేదు. మెట్టుంది.”

“మెట్టు లేదు.”

“ఉందనుకున్నాను.”

“నల్లద్దాలు అన్నావు.”

“సున్నం కళ్ళలో పడకుండా పెట్టుకునేవాడని అంటారు. మీ... మీ కళ్ళకి ఏమయిందండీ? సున్నమా?”

“అలా అనుకుంటారా ఇక్కడ?”

“ఎవరి గురించి?”

“నువ్వు ఎవరి గురించి అడుగుతున్నావో ఆయన గురించే.”

“ఈ దారి తవ్వేశారండీ, పైపులు వేస్తున్నారు. వెనక్కి తిరిగి, చుట్టూ పోవాలి.”

“తవ్విన మట్టి వాసన రావడం లేదే.”

“పొద్దున్నే తవ్వారు. ఎండిపోయింది. మాస్కులు చేసే చోటు పక్కనే ఉంది, అది చూడకుండా ఈ వాడ దాటి ఎవరూ వెళ్ళరు.”

“నేను వెళ్తాను.”

“ఒక్క రెండు నిమిషాలు. మీకోసమే. ఇక్కడ అన్నీ ముట్టుకోవచ్చు. ఇదిగో, ఇది నాటకాలవాళ్ళకి చేసింది. కాగితపు గుజ్జుతో.”

“ఎవరి మొహం ఇది?”

“ఎవరిదీ కాదు. మాస్కు అంతే.”

“ఎవరిదీ కాని మొహం ఎందుకమ్మా చేసుకోవడం.”

“కోపమొచ్చిందా?”

“తీసుకో ఇది. కుట్టుమిషను గోడ మీద మొహం ఎలా ఉంటుందో నువ్వు చెప్పు.”

“అక్కడికెళ్ళాక చూద్దురుగా.”

“తీసుకెళ్ళేదాకా చెప్పు.”

“ఒకావిడ కుట్టుమిషను ముందు కూర్చుని ఉంటుంది. కొంచెం ముందుకి వంగి. సూదిలో దారం ఎక్కించి అప్పుడే తలెత్తినట్టుంటుంది. కనుబొమలు రెండూ ఒక్కలా ఉండవు, ఎడమది కాస్త పైకి. ఎవరో పిలిస్తే ‘ఆఁ, ఏంటి’ అనబోతున్నట్టు పెదవి ఒకవైపు తెరుచుకుని ఉంటుంది. నవ్వదు. కానీ ఇంకో క్షణం ఆగితే నవ్వుతుందేమో అనిపిస్తుంది. నేను చిన్నప్పుడు చాలాసార్లు ఆగాను.”

“నవ్విందా?”

“లేదు. ఒక కాలు తొక్కుడు పలక మీద ఉంటుంది, ఇంకోటి చెప్పులోంచి బయటికొచ్చి ఉంటుంది. మిషను కింద పిల్లి.”

“పిల్లి లేదు.”

“ఉందండీ.”

“మిషను కింద గుడ్డ పీలికలున్నాయి. పిల్లి లేదు.”

“మీకెలా తెలుసు?”

“ముందు నడు.”

“మీకెలా తెలుసు లేదని?”

“నీ ఫోను మోగుతోంది.”

“మోగనివ్వండి.”

“ఎత్తు. ఇంటి గోడ సంగతేమో.”

“హలో. బాబాయ్, నేను తర్వాత చేస్తాను.”

“తర్వాత ఏంటే, సంతోషంగా చెబుదామని చేస్తే. నెత్తి అయిపోయింది, కళ్ళయిపోయాయి, ముక్కు దగ్గరున్నా. మధ్యాహ్నానికల్లా గోడ నున్నగా చేసి నీ చేతిలో పెడతా.”

“సరే, సరే. ఉంటాను.”

“మీ బాబాయి గొంతు పెద్దది.”

“పరంజా మీద పనిచేసేవాళ్ళకి అంతేనండీ, అరిచి అరిచి.”

“ఎవరి ముక్కు, అమ్మాయ్?”

“ఇంట్లో ఒక... పాత బొమ్మ ఉండేది గోడమీద. ఎవరో ఎప్పుడో...”

“పెచ్చులూడే గోడ అన్నావు. పెచ్చులకి కళ్ళూ ముక్కూ ఉంటాయా?”

“పదండి, పోదాం.”

“ఎక్కడికి? ఆ నీలిమందు వాసన ఇందాక నా ఎడమనుంచి వచ్చింది. ఇప్పుడు కుడినుంచి వస్తోంది. గానుగెద్దుని తిప్పినట్టు తిప్పుతున్నావు నన్ను. నా కళ్ళకే గంతలు, ముక్కుకి కాదు.”

“నేను...”

“చెప్పు.”

“కుట్టుమిషను గోడ నాకిచ్చారండీ. బాబాయి దాన్నే గీకుతున్నాడు.”

“పరదా మాస్టారిని అడిగావా?”

“పోయారని చెప్పాను సంఘానికి.”

“పోయాడని ఎవరు చెప్పారు నీకు?”

“ఎవరో అన్నారు. టీకొట్టు దగ్గర. ఉన్నాడో పోయాడో అన్నారు. పోయాడన్న ముక్క ఒక్కటీ పట్టుకున్నాను. మళ్ళీ అడగలేదు. అడిగితే ఉన్నాడంటారేమోనని భయం.”

“బాగుంది.”

“బాగాలేదని నాకు తెలుసు. బుద్ధి తెలిసినప్పట్నుంచీ ఈ వాడలో రంగులు కలుపుతున్నానండీ. గోడ ఇమ్మంటే నిచ్చెన పట్టుకోమంటారు. ఆడపిల్ల నిచ్చెన మీదనుంచి పడితే ఎవరు పూచీ అంటారు. ఏ గోడ అడిగినా ఏదో వంక. ఈ గోడ ఇంకెవరూ అడగలేదు, పరదా మాస్టారి గోడ ముట్టుకోవాలంటే అందరికీ జంకు. నేను అడిగాను. మొదటి ఆడదాన్ని నేనే అని సంఘం పెద్ద నలుగురిలో చెప్పాడు. ఆ మాట విని మా అమ్మ ఏడ్చింది. ఇప్పుడు మీరొచ్చి నా గోడ అంటే, అబద్ధం ఆడిందని నన్ను వాడలోంచి గెంటేస్తారు. ఇంకో ఆడపిల్లకి ఇక ఇవ్వరు కూడా.”

“నేను గోడ కోసం రాలేదమ్మా.”

“మరి దేనికొచ్చారు? మీరు పరదా మాస్టారే కదా?”

“ఆ పేరు నాకే పెట్టారు. కాదనను.”

“మరి?”

“మా ఆవిడ పోయింది.”

“అయ్యో.”

“ఆ మిషను దగ్గర కూర్చున్నది ఆవిడే.”

“మాస్టారూ...”

“ఫోటోలు బోలెడున్నాయట ఇంట్లో. వచ్చినవాళ్ళందరూ ఒకటి తీసి నా చేతిలో పెట్టి, ఎంత బాగుందో చూడండి అంటారు. నాకన్నీ ఒకటేగా, నున్నగా ఉంటాయి. రోజూ పడుకునే ముందు ఆవిడ మొహం ఒకసారి గుర్తు చేసుకునేవాణ్ణి, నుదుటి దగ్గర్నుంచి. ఈమధ్య గడ్డం దగ్గరికి వచ్చేసరికి తప్పిపోతున్నాను. అక్కడ ఎలా ఉండేదో చేతికి రావడం లేదు. మర్చిపోతున్నాను తల్లీ. ఆవిడ మొహం నా చేతికి తెలిసేలా ఉన్నది ఆ ఒక్క గోడ మీదే. ఒక్కసారి తడుముకుని వెళ్ళిపోదామని వచ్చాను.”

“ఆ మాట గుమ్మంలోనే చెప్పొచ్చుగా.”

“చెబితే జాలిపడతావు. జాలిపడ్డవాళ్ళు నిజం చెప్పరు, మెత్తగా ఏదో ఒకటి చెబుతారు. జాలి లేకపోయినా నువ్వు నిజం చెప్పలేదనుకో.”

“ఫోను చేస్తున్నాను. ఎత్తు బాబాయ్. ఎత్తు. ఎత్తడం లేదు, గీకుడు చప్పుడులో ఆయనకి వినపడదు.”

“ముక్కు దాకా వచ్చాడు.”

“చెయ్యి ఇవ్వండి. భుజం కాదు, చెయ్యి. పరుగెత్తగలరా?”

“ఎప్పుడూ పరుగెత్తలేదు.”

“ఎప్పుడూ ఏంటండీ, చిన్నప్పుడైనా...”

“మాటలు తర్వాత. లాక్కుపో.”

“గుంట. మెట్టు. ఇంకో మెట్టు. తల వంచండి, తీగలున్నాయి. ఇదే అసలు దారి, దగ్గరే. రెండు సందులు దాటితే అంతే. ఇంతసేపూ ఇంత దగ్గర్లో తిప్పాను మిమ్మల్ని.”

“తిట్టుకుందువుగానిలే. చప్పుడు వినిపిస్తోంది.”

“బాబాయ్! ఆపు. ఉలి కింద పెట్టు.”

కుట్టుమిషను గోడ. పరంజా మీద మేస్త్రీ, కింద కుప్పగా పాత గచ్చు.

“ఏమయిందే? కొంప అంటుకున్నట్టు ఆ పరుగేంటి?”

“ఎంతవరకు వచ్చింది?”

“పెదవి పైదాకా. ఇంకా గడ్డం, మెడ, ఆ కింద మిషనూ ఉన్నాయి. ఈ ముసలాయనెవరు?”

“పరదా మాస్టారు.”

“పోయారన్నావు.”

“అన్నాను.”

“సంఘం ముందు అన్నావు. నేను పక్కనే ఉన్నాను. నీ మాట మీద ఉలి పట్టాను. ఇన్నేళ్ళ పనిలో ఒకరి గోడ దొంగతనంగా గీకినవాణ్ణి కాదు నేను. అయ్యా, నమస్కారం. నాదే తప్పు. ఈ గోడకి అప్పట్లో పరదా కట్టేముందు గచ్చు వేసింది నేనే, కుర్రవాణ్ణి. నా మొహం మీకు గుర్తుండదు.”

“గొంతు గుర్తుంది. నువ్వు ఈల వేస్తూ పనిచేసేవాడివి.”

“అవునయ్యా. పళ్ళూడి ఈల పోయింది.”

“నన్ను పైకి ఎక్కించగలరా?”

“పరంజా ఊగుతుందయ్యా. మీకు నిచ్చెనలు కొత్తా ఏంటి, అయినా ఈ వయసులో...”

“నాకు నిచ్చెన కింద నిలబడ్డమే అలవాటు.”

“ఏంటయ్యా?”

“ఏం లేదు. చెయ్యి అందించు.”

“నేను వెనక ఉంటాను మాస్టారూ. కాలు ఇక్కడ. ఇంకోటి. ఇప్పుడు నిలబడండి, గోడ మీ ఎదురుగా ఉంది.”

“ఇక్కడ?”

“అక్కడ ఏం లేదు. గీకేసిన చోటు. కళ్ళుండేవి.”

“ఇక్కడ?”

“అది ముక్కు. ఉండేది.”

“ఇది?”

“అది పెదవి...”

“చెప్పకు. ఉండు, చెప్పకు. ఇది పెదవే. ఒకవైపు తెరుచుకుని. ఇదిగో, ఇక్కడ మలుపు తిరిగి, గడ్డం. ఇక్కడే నాకు దారి తప్పుతోంది రోజూ. ఇంత లోపలికి వెళ్ళాలన్నమాట. ఇంత లోపలికి. ఆ కింద చిన్న గుంట. ఉందా? ఉంది. మేకుతో ఒక్క పోటు. పుట్టుమచ్చ ఉండేది ఆవిడకి అక్కడ.”

“అది పుట్టుమచ్చా అయ్యా? నా గచ్చులో బుడగ లేచిందనుకున్నాను. ఇటువైపు వచ్చినప్పుడల్లా ఆ గుంట చూసి సిగ్గుపడి తల దించుకుని పోయేవాణ్ణి.”

“నీ గచ్చుకి వంక లేదు మేస్త్రీ. ఇన్నేళ్ళకి కూడా గీత చెదరలేదు.”

“మాస్టారూ, ఏడవకండి. నేను గీస్తాను. కళ్ళు, ముక్కు, ఆ ఎత్తు కనుబొమ, అన్నీ. ఆ మొహం నిద్రలో లేపి అడిగినా గీస్తాను. మా అమ్మ మొహమైనా ఎదురుగా లేకపోతే గీయలేను గానీ, ఈవిడది గీస్తాను. బాబాయ్, గచ్చు కలుపు. గీకిన మేరకే వెయ్యి. కిందిది ముట్టుకోకు.”

“మరి నీ బొమ్మో?”

“నా బొమ్మకేం తొందర.”

“సంఘానికి ఏం చెబుతావు?”

“అబద్ధం ఆడానని చెబుతాను. గోడ తీసుకుంటే తీసుకుంటారు.”

“అమ్మాయ్, నన్ను కిందికి దింపు. ఆ పిల్లి ఎక్కడుందో చూడాలి.”

“జాగ్రత్త. కాలు కింద పెట్టండి. వంగండి, ఇంకా కిందికి. మిషను కాళ్ళ మధ్య. ఇదిగో.”

“ఇదా? తోక ఇంత పొడుగుందేం?”

“ఎక్కడ ఆపాలో తెలీలేదు. చిన్నప్పుడు ఇంట్లో మేకు ఎత్తుకొచ్చి గీరాను. గచ్చు ఎండిపోయి ఉంది, గీత సరిగా పడలేదు. చాలా రోజులు పట్టింది. మా అమ్మ చూసి వీపు చిట్లగొట్టింది.”

“అయితే ఈ గోడ మీద నువ్వు ఎప్పుడో గీశావు.”

“ఎవరినీ అడక్కుండా. అదే అలవాటైపోయినట్టుంది. ఇప్పుడైనా అడగనివ్వండి మాస్టారూ, ఇస్తారని కాదు. బాబాయ్, నువ్వు సాక్షి, ఇటు రా. మాస్టారూ, మీ గోడ మీద నేను బొమ్మ గీసుకోవచ్చా?”

“నన్నడిగితే ఎలా?”

“కాదంటే కాదనండి. ఆ మాట పడతాను.”

“కాదనడానికి నేనెవర్నమ్మా. ఇందాక ఏమన్నావు? ఈ వాడలో గోడ దక్కిన మొదటి ఆడదానివి నువ్వేనని?”

“అన్నాను. ఎందుకు?”

“రెండోదానివి.”

“అదేంటయ్యా? పరదా లోపల ఆవిడ రంగులు కలిపేది, మీరు గీసేవారు. వాడంతా చూసింది.”

“వాడంతా చూసింది పరదానే మేస్త్రీ. గోడ అడిగితే ఆవిణ్ణీ నిచ్చెన పట్టుకోమన్నారు మీ పెద్దలు. సరే, గోడ నీ పేరున నువ్వడుగు, నిచ్చెన కూడా నువ్వే పట్టుకో అంది నాతో.”

“ఉండండి. మీరు... మాస్టారూ, మరి ఆ మేకు గీతలు? వాడంతా నేర్చుకున్న మీ గీత?”

“అది నాకు తెలియాలని గీరింది తల్లీ. నేను పుట్టుగుడ్డిని.”